నీళ్ళు కాగాక లేచేవాళ్ళం

2023 డిసెంబరులో మాకు ఒక ఆదివారం తెల్లవారుతుండగా, వాడికింకా శనివారం సాయంత్రంగా ఉండగా, తమ్ముడు వీడియో కాల్ చేసి వాళ్ళింటి హాల్లో గోడ చూపించాడు. వాడుండేది అమెరికాలో, మిన్నెసోటాలో. ఇల్లు 1950లలో కట్టినది. హాల్లో ఎర్ర ఇటుకల ఫైర్‌ప్లేస్ ఒకటి ఉండేది. ఆ పాత పొయ్యిగూట్లోకి సరిగ్గా ఇమిడేలా ఇప్పుడు గ్యాసు హీటరు పెట్టించాడు. ముందు అద్దం, అద్దం వెనక మంట, మంట మధ్యలో అచ్చం కట్టెల్లాగే కనిపించే పింగాణీ దుంగలు. "బాగానే ఉందన్నయ్యా, ఇల్లంతా వెచ్చగా ఉంటోంది. కానీ ఏదో పోయినట్టుంది" అన్నాడు. కాసేపాగి, "మన కాగు ఉంది కదా ఇంకా? దాన్ని మాత్రం తీసెయ్యకండి" అన్నాడు.

నేను అప్పుడు పెరట్లోనే ఉన్నాను. నా వెనకే అమ్మ స్నానాల నీళ్ళు కాచే కాగు కింద కట్టెలు ఎగదోస్తూ దగ్గుతోంది. ఫోను అటు తిప్పాను. మంటనీ, మసిబారిన రాగి కాగునీ, పొగలోంచి పడుతున్న పొద్దుటెండనీ చూసి వాడు మురిసిపోయాడు. నేనూ మురిసిపోయాను. అమ్మ ఒక చేత్తో పొగ విసురుకుంటూ ఫోనులోకి చూసి నవ్వింది.

ఆ కాల్ నన్ను ఏడాది పైగా వదల్లేదు. మేమిద్దరం మురిసిన ఆ దృశ్యంలో దగ్గుతున్న మనిషి ఒక్కతే ఉంది, ఆ మనిషిని మేమేమీ అడగలేదు. పాత నిప్పుని ఉంచాలా తీసెయ్యాలా అన్న మాట ఏ ఇంట్లో వచ్చినా, ముందుగా అడగాల్సింది దాన్ని రోజూ రాజేసే మనిషిని. మా ఇంట్లో యాభై నాలుగేళ్ళు ఆ పని ఎవరూ చెయ్యలేదు.

తమ్ముడి పొయ్యి సంగతి

ముందు వాడి ఇంటి సంగతి చెప్పాలి. అక్కడి లెక్క వేరు. విశాఖలో చలి అంటే జనవరి తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవడం. వాడి ఊళ్ళో జనవరిలో ఉష్ణోగ్రత సున్నాకి ఇరవై డిగ్రీలు కిందకి పోవడం మామూలు.

అలాంటి చోట హాల్లో మండే నిప్పు ఇంటిని వెచ్చబెడుతుందని నేను ఎప్పుడూ అనుకునేవాణ్ణి. వాడు చెప్పింది వేరు. తలుపులేని పొయ్యిగూట్లో మంట రాజుకోగానే పొగతోపాటు గదిలోని వెచ్చటి గాలి కూడా పొగగొట్టంలోంచి పైకి పోతుంది. పోయిన గాలికి బదులు కిటికీ సందుల్లోంచి, తలుపుల కిందనుంచి మంచుగాలి లోపలికి వస్తుంది. కట్టెల్లోని వేడిలో నూటికి పదో పదిహేనో వంతులు గదిలో మిగిలితే గొప్ప. దానికి తోడు, ఇల్లంతటికీ వెచ్చటి గాలి పంపే ఫర్నేసుకి హుకుం ఇచ్చే థర్మోస్టాటు కూడా ఆ హాల్లోనే ఉంది. పొయ్యి ముందు వెచ్చబడగానే అది ఫర్నేసుని ఆపేసేది. హాల్లో కూర్చున్నవాళ్ళు చలి కాచుకుంటూ ఉంటే పైగదిలో నిద్రపోయే పిల్లలు చలికి ముడుచుకుపోయేవారు. మా మరదలు రాత్రుళ్ళు రెండుసార్లు లేచి పిల్లలకి దుప్పట్లు సర్దేదట.

కట్టెపొగతో గొట్టం లోపల తారులాంటి జిడ్డు పేరుకుంటుంది. ఏడాదికోసారి మనిషిని పిలిచి గీకించకపోతే ఆ జిడ్డుకే నిప్పంటుకోవచ్చు. కొత్త హీటరుకి పాత పొగగొట్టం లోపల్నించే రెండు సన్నటి గొట్టాలు దింపారు. ఒకదాంట్లోంచి మంటకి కావలసిన గాలి బయటినుంచే వస్తుంది, రెండోదాంట్లోంచి కాలిన వాయువు బయటికి పోతుంది. గదిలో గాలి గదిలోనే ఉంటుంది. గ్యాసులోని వేడిలో నూటికి డెబ్భై వంతుల పైన ఇంట్లోకి వస్తుందని వాడి మాట. ఈ విద్య కొత్తదేమీ కాదు. అమెరికా శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1740లలోనే ఇనప పొయ్యి తయారుచేశాడు. రంఫర్డ్ అనే ఆయన 1790లలో పొయ్యిగూటి లోతు తగ్గించి, పక్కగోడలు ఏటవాలుగా కట్టించి, గొట్టం మెడ సన్నం చేయించి, పొగ తగ్గి సెగ గదిలోకి వచ్చేలా చేశాడు. ఇంత తెలిసి కూడా రెండు వందల ఏళ్ళుగా జనం తలుపులేని గూడునే కట్టుకుంటూ వచ్చారంటే నిప్పుని కళ్ళారా చూడాలన్న ఆశ ఎంత బలమైనదో!

ఆ ఆశని నేను తక్కువ చెయ్యను. తమ్ముడు పోయిందన్న ఆ "ఏదో" ఏమిటో నాకు తెలుసు. నెగడు చుట్టూ కూర్చున్న ఎవరికైనా తెలుసు. లంబసింగి వెళ్ళి రాత్రి కట్టెలు కొనుక్కుని మంట వేసుకునే మన ఊరి కుర్రాళ్ళకీ తెలుసు. కానీ ఆ ఆశకి ఖర్చు కట్టింది మేడ మీద పిల్లలూ, రెండుసార్లు లేచిన తల్లీ.

మా పెరటి పొయ్యి

మాది విశాఖలోని పెదవాల్తేరులో పాత ఇల్లు, కరకచెట్టు పోలమాంబ గుడికి నడిచి వెళ్ళేంత దూరం. నాలుగు కొబ్బరి చెట్లు, ఒక నుయ్యి, నూతి పక్కన గాబు, గాబు పక్కన నీళ్ళపొయ్యి. అమ్మ శ్రీకాకుళం వైపు పల్లెనుంచి 1969లో ఈ ఇంటికి కాపరానికి వచ్చింది. రాగి కాగు ఆమె పుట్టింటి సారెలో వచ్చింది. అప్పట్నించీ తెల్లవారుజామున నాలుగున్నరకి ఆమె లేవడం, పొయ్యిలో నివురు తీసి కొబ్బరి పీచు పెట్టి రాజెయ్యడం, ఐదున్నరకి నాన్న స్నానం, తర్వాత మా చదువులు, ఉద్యోగాలు, నా పెళ్ళి, పిల్లలు. ఒకప్పుడు కట్టెల అడితి నుంచి సరుగుడు కట్టెలు బండి మీద తెచ్చేవారు. తర్వాత తర్వాత ఎక్కువగా మా చెట్ల మట్టలూ డొక్కలూ, వడ్రంగి పనిచోట మిగిలిన ముక్కలూ.

నాకు షిప్‌యార్డులో ముప్ఫై ఏళ్ళ మెకానికల్ పని. లెక్క కట్టకుండా ఉండలేను. తమ్ముడి కాల్ తర్వాత ఒక వారం రోజులు స్ప్రింగు త్రాసుతో కట్టెలు తూచాను. రోజుకి సగటున 3.2 కిలోలు. కాగులో 40 లీటర్లు పడతాయి. నూతి నీళ్ళు 25 డిగ్రీలు, అమ్మ "కాగేయి" అని కేకేసినప్పుడు థర్మామీటరు ముంచితే 60కి అటూ ఇటూ. లీటరు నీళ్ళని ఒక డిగ్రీ వేడెక్కించడానికి 4.2 కిలోజౌళ్ళు కావాలి కాబట్టి నీళ్ళకి చేరింది దాదాపు 5.9 మెగాజౌళ్ళు. ఎండుకట్టె కిలోకి సుమారు 16 మెగాజౌళ్ళ చొప్పున మేం తగలబెట్టింది 51. నూటికి పదకొండున్నర వంతులు! మిన్నెసోటా పొయ్యిగూడూ పెదవాల్తేరు నీళ్ళపొయ్యీ ఒక్క తరహావే అన్నమాట. మిగతా సెగ రాళ్ళలోకీ గాలిలోకీ పోయింది. కొంత అమ్మ ముఖం మీదికి పోయింది.

ఇక పొగ. దానికి నా దగ్గర త్రాసు లేదు. కానీ ఆ లెక్క ఇంకోచోట తేలింది.

ఊదమన్నారు

2024 జనవరిలో పండక్కి ముందు అమ్మకి దగ్గు ముదిరి ఆయాసం వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు అడగాల్సినవన్నీ ఓపిగ్గానే అడిగాడు. "ఇంట్లో కట్టెలపొయ్యి మీద వండుతారా?" అన్నాడు. "లేదు బాబూ, గేసే. శానా యేళ్ళయింది" అంది అమ్మ. నిజమే. మా ఇంటికి గ్యాసు 1984లోనే వచ్చింది, దీపం పథకం రావడానికి పదిహేనేళ్ళ ముందు. డాక్టరు కాగితం మీద ఏదో కొట్టేశాడు. నేను పక్కనే కూర్చుని ఉన్నాను. నాకూ ఆ క్షణాన నీళ్ళపొయ్యి గుర్తు రాలేదు.

ఇది మా ఒక్క ఇంటి మరుపు కాదు. 2011 జనాభా లెక్కల్లో ఇంటింటికీ వచ్చి అడిగింది "వంటకి వాడే ఇంధనం ఏది" అనే. మా ఇల్లు గ్యాసు ఇళ్ళలో లెక్కకొచ్చింది. గ్యాసు పథకాలు చేసిన మంచి చాలా పెద్దది, అందులో నాకు అనుమానమేమీ లేదు. కానీ సిలిండరు వంటింట్లోకి వచ్చాక కూడా పెరట్లో స్నానాల పొయ్యి మండుతూనే ఉన్న ఇళ్ళు మన ఉత్తరాంధ్రలో ఎన్ని చూళ్ళేదు? ఆరిలోవ వైపు వెళ్ళండి, భీమిలి దారిలో పల్లెలు చూడండి, తెల్లవారుజామున పెరళ్ళలోంచి లేచే పొగ వంటది కాదు. అది స్నానాలది. ఆ పొగ ఏ కాగితంలోకీ ఎక్కలేదు.

తర్వాత ఒక అమ్మాయి అమ్మ ముక్కుకి క్లిప్పు పెట్టి, ఒక గొట్టం నోట్లో ఉంచి, "గట్టిగా ఊపిరి పీల్చి బలంగా, ఆపకుండా ఊదండమ్మా" అంది. యాభై నాలుగేళ్ళు ఊదుగొట్టంతో నిప్పు రాజేసిన మనిషి. మొదటిసారి సగంలో ఆగిపోయింది. రెండోసారీ అంతే. మూడోసారి ఊది, కళ్ళనీళ్ళు పెట్టుకుని దగ్గుతూ, "నాకు రావట్లేదమ్మా" అంది. నేను గోడకేసి చూస్తూ నిలబడ్డాను. సీఓపీడీ, అంటే ఊపిరిగొట్టాలు ఇరుకై ఊపిరాడని దీర్ఘకాలపు జబ్బు అన్నారు. జీవితంలో బీడీ ముట్టని మనిషికి ఇదెలా వస్తుందని అడిగాను. డాక్టరు మళ్ళీ పొగ గురించి అడిగాడు. అప్పుడు చెప్పాను.

నా భార్య అడిగిన మాట

గీజరు పెట్టిద్దామని నా భార్య పదేళ్ళ కిందటే అంది. ప్రతిసారీ నా జవాబు ఒకటే: "అమ్మకి ఆ పొయ్యంటే ఇష్టం, దాన్ని లాక్కోకూడదు." నిజాయితీగానే అనేవాణ్ణి. ఆసుపత్రి నుంచి వచ్చిన రాత్రి ఆమె అడిగింది: "అత్తయ్యకి ఇష్టమని మీతో అత్తయ్య ఎప్పుడన్నా చెప్పారా? ఆవిడకి జొరమొస్తే ఆ పొయ్యి రాజేసేది నేనండీ. నన్ను కూడా ఎప్పుడూ అడగలేదు మీరు."

మర్నాడు అమ్మని అడిగాను. సూటిగా. అమ్మా, నీకు ఈ పొయ్యంటే ఇష్టమేనా?

అమ్మ నావైపు కాసేపు చూసింది. "మీకేటిరా, నీళ్లు కాగాక లేచీవోరు" అంది.

ఆ మాటలో నిష్ఠూరం కూడా లేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. నాకు నీళ్ళపొయ్యి అంటే ఏమిటి? సరుగుడు కట్టె వాసన, దీపావళి నాటి కుంకుడురసం మంట, భోగినాడు నలుగు పెట్టుకుని రెండు చెంబులు ఎక్కువ పోసుకోవడం, నిప్పుల్లో కాల్చిన పనసపిక్కలు. ఇవన్నీ నిప్పు రాజుకున్న తర్వాతి సంగతులు. తడి కట్టె, కంటినీరు, వానాకాలంలో గొడుగు పట్టుకుని ఊదడం, వంగి వంగి నడుము పట్టెయ్యడం, ఇవి నా జ్ఞాపకాల్లో లేవు. తమ్ముడి జ్ఞాపకాల్లోనూ లేవు. మేం పడుకుని ఉండేవాళ్ళం.

అలాగని కథ ఇంత తేలిగ్గా తేలిపోలేదు. అమ్మ ఇంకో మాట కూడా అంది: "అయినా ఆ యేళప్పుడు నన్నెవులూ పిలవరు." నాలుగున్నర నుంచి ఐదున్నర దాకా, పొయ్యి దగ్గరి రాతి మీద కూర్చుని, మంట చూసుకుంటూ, స్టీలు గ్లాసులో కాఫీ తాగుతూ గడిపే గంట ఆమె ఒక్కదానిది. మామగారూ అత్తగారూ మొగుడూ పిల్లలూ ఉన్న ఇంట్లో ఆమెకి దొరికిన ఒకే ఒక్క గంట. పొయ్యి తీసేస్తే ఆ గంటకి సాకు పోతుంది. నేను ఇష్టం అని పొరబడింది దీన్నే. పూర్తిగా పొరపాటూ కాదేమో.

ఏం పెట్టాలి

ఇక్కడ నా తర్జనభర్జన చాలా రోజులు నడిచింది.

గీజరు సులువు. మా 40 లీటర్లకి కావలసిన వేడి 1.6 యూనిట్లు. ట్యాంకు గోడల్లోంచి పోయేది కలుపుకుంటే రెండు యూనిట్లనుకోండి. కానీ ఆ కరెంటు ఎక్కణ్ణించి వస్తుంది? పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం మనకి కనిపించేంత దూరంలోనే ఉంది. బొగ్గు ఒడిశా నుంచి రైళ్ళలో వస్తుంది. బొగ్గులో ఉన్న వేడిలో మూడో వంతుకి కాస్త ఎక్కువే కరెంటవుతుంది, మిగతాది అక్కడి శీతలీకరణ గోపురాల్లోంచి గాలికి పోతుంది. సీలేరు, మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఉంది, ముడసర్లోవ జలాశయం మీద తేలే సోలారు పలకలున్నాయి, ఒప్పుకుంటాను. అయినా పొద్దున్నే ఊరంతా ఒకేసారి గీజర్లు వేసే వేళకి సూర్యుడింకా పని మొదలుపెట్టడు. మా పొగని పరవాడకి పంపించి మేం చేతులు కడుక్కుంటున్నామా అన్న ప్రశ్న నన్ను నిజంగా బాధపెట్టింది. ఎత్తైన చిమ్నీ, ధూళిని పట్టే యంత్రాలు ఉన్న చోట కాలేదీ, మనిషి ముక్కుకి మూరెడు దూరంలో కాలేదీ ఒకటి కాదు. రెండిట్లో ఒకటే ఎంచుకోవాలంటే నేను గీజరే ఎంచుకుంటాను. సందేహం లేకుండా.

గ్యాసు గీజరు మాట కొట్లో ఎత్తారు. మా స్నానాలగదికి ఉన్నది చిన్న గూటికిటికీ. మూసిన గదిలో గ్యాసు మండితే ఆక్సిజన్ తగ్గి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన ఉండదు, స్నానం చేస్తూ చేస్తూనే మనిషి పడిపోతాడు. గది లోపల పెట్టే గ్యాసు గీజరుని నేను ఎవరికీ చెప్పను. తమ్ముడి హీటరుకి గాలి గొట్టం, పొగ గొట్టం రెండూ విడిగా బయటికి ఉండేది ఇందుకే.

యంత్రాల మనిషిగా నాకు మనసుపడింది హీట్ పంపు మీద. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా, అదే పని. చుట్టూ ఉన్న గాలిలోంచి వేడి లాగి నీళ్ళలోకి తోస్తుంది. ఒక యూనిట్టు కరెంటుకి మూడు యూనిట్ల వేడి, మంచి వాతావరణంలో ఇంకా ఎక్కువ. బయట గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది కాబట్టి తమ్ముడి ఊరికన్నా మన ఊరికి బాగా నప్పే యంత్రం ఇది. ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలాంటి చోట, డాబా మీద అందరికీ సోలారు పెట్టుకునే జాగా లేనివాళ్ళు దీని గురించి ఆలోచించాలని గట్టిగా చెబుతాను. మాకు వద్దనుకోవడానికి కారణాలు రెండు. ముగ్గురున్న ఇంటికి ఆ ధర మించిన పని. పైగా సముద్రం ఉప్పుగాలికి దాని సన్నటి అల్యూమినియం రేకులు ఎన్నాళ్ళు నిలుస్తాయన్న భయం. మా వీధిలో ఏసీల బయటి పెట్టెల గతి చూస్తున్నాను కదా.

చివరికి సోలారు. 100 లీటర్లది, గాజు ట్యూబులది. పాతిక వేలలోపు అయింది. మా డాబా ఖాళీగా ఉంది, దక్షిణాన అడ్డం లేదు. అన్నిటికన్నా ముఖ్యం, అమ్మకి స్విచ్చి ముట్టుకోవాల్సిన పని లేదు. తడిచేత్తో స్విచ్చి అంటే ఆమెకి ప్రాణభయం. కుళాయి తిప్పడం ఆమెకి తెలిసిన పని.

కొత్తదాని లోపాలు

బిగించడానికి వచ్చిన కుర్రాళ్ళు స్టాండుని నాలుగు సిమెంటు దిమ్మల మీద ఊరికే నిలబెట్టి వెళ్ళబోయారు. "నీళ్ళ బరువుకి కదలదు సార్" అన్నారు. హుద్‌హుద్ తుఫాను చూసినవాడికి ఆ మాట చెప్పకూడదు. మేస్త్రిని పిలిపించి శ్లాబులోకి బోల్టులు దింపించాను. తుఫాను రోజుల్లో ట్యాంకు నిండుగా ఉంచాలి, ఖాళీ ట్యాంకుకి బరువేముంటుంది.

మొదటి వారం అమ్మకి ఒక్కటే ఫిర్యాదు: కుళాయి తిప్పితే ముందు చన్నీళ్ళు వస్తున్నాయి. డాబా నుంచి స్నానాలగదికి పద్నాలుగు మీటర్ల ముప్పావు అంగుళం పైపు. అందులో రాత్రంతా చల్లబడ్డ నాలుగు లీటర్లు బయటికి వచ్చేదాకా వేణ్ణీళ్ళు రావు. పైపుకి స్పాంజి తొడిగినా రాత్రంతా నిలవున్న నీళ్ళు చల్లారక మానవు. ఇప్పుడు ఆ నాలుగు లీటర్లూ బకెట్లో పట్టి తులసికోటకీ కరివేపాకు మొక్కకీ పోస్తోంది.

దానికన్నా పెద్ద లోపం ఎండాకాలంలో బయటపడింది. కాగు పొగలు కక్కుతుంటే ఎవరికైనా తెలుస్తుంది, వేలు ముంచి చూస్తాం. కుళాయి ఏ కబురూ చెప్పదు. మే నెలలో ఒక రోజు నా భార్య నేరుగా చెయ్యి పెట్టింది, వేళ్ళు బొబ్బలెక్కాయి. మర్నాడే వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ కలిసి వచ్చే కుళాయి మార్పించాను. సోలారు పెట్టుకునే ఎవరైనా ఆ పని మొదటిరోజే చెయ్యాలి. నేను చెయ్యకపోవడం తప్పు.

ఇంకోటి, మనకి వేణ్ణీళ్ళు అక్కర్లేని మేలో అది మరిగించి ఇస్తుంది. తుఫాను మబ్బుల అక్టోబరు, నవంబరులో, ముసలివాళ్ళ ఒళ్ళు వేణ్ణీళ్ళు కోరుకునే రోజుల్లో, గోరువెచ్చన కూడా ఇవ్వదు. ట్యాంకులో కరెంటు కాయిలు ఉంది, 2024లో మొత్తం మీద ఓ పదిహేను రోజులు వేసి ఉంటాం. కొబ్బరి మట్టలు ఇప్పుడు పేరుకుపోతున్నాయి. ఈనెలు చీపుర్లకి, మిగతావి చెట్ల పాదుల్లోకి. శుక్రవారం సాంబ్రాణికి నిప్పులు లేవు, కొట్లో దొరికే సాంబ్రాణి కప్పు వెలిగిస్తున్నాం. మా అమ్మకి అది సాంబ్రాణే కాదు. మొక్కలకి బూడిద లేదు. ఒక పొయ్యి తీసేస్తే దాన్ని ఆనుకుని ఉన్న ఇన్ని చిన్న పనులు కూలతాయని నేను ముందు ఊహించలేదు.

హుద్‌హుద్ ప్రశ్న

నా వాదనకి అన్నిటికన్నా గట్టి ఎదురు 2014 అక్టోబరు 12. ఆ ఆదివారం తర్వాత మా వీధికి తొమ్మిదో రోజుదాకా కరెంటు లేదు. కైలాసగిరి బోడిగుండయిపోయింది, వీధుల్లో చెట్లన్నీ అడ్డంగా పడి ఉన్నాయి. మోటార్లు లేవు, కుళాయి లేదు. మాకు నుయ్యి ఉంది, కాగు ఉంది, కట్టెలకి కొదవే లేదు. పక్కింట్లో పదహారు రోజుల బాలింత. రోజూ పొద్దున ఆ పిల్లకీ పసిగుడ్డుకీ వేణ్ణీళ్ళు మా కాగు నుంచే. వెనక వీధి అపార్ట్‌మెంటు నుంచి బకెట్లు పట్టుకుని వచ్చిన వాళ్ళున్నారు. అప్పటిదాకా మమ్మల్ని పలకరించనివాళ్ళు. ఆ తొమ్మిది రోజులూ అమ్మ నడుం వాల్చలేదు, అలిసిపోయినట్టు కూడా లేదు.

కాబట్టి పాతదాన్ని పూర్తిగా పెకలించకండి అనేవాళ్ళ మాట నేను కొట్టెయ్యలేను. తీగ మీద ఆధారపడిన ప్రతిదీ ఒక రోజు ఆగుతుంది. మన తీరంలో ఆ రోజు ఎప్పుడైనా రావచ్చు. కానీ తొమ్మిది రోజుల అవసరానికి యాభై నాలుగేళ్ళ పొగ ఎలా సమాధానమవుతుంది? ఈ రెండిటినీ నేనే ముడిపెట్టి ఇన్నాళ్ళూ పొయ్యిని సమర్థించుకున్నాను. కాగుని తుఫాను కోసం దాచుకోవచ్చు. రోజూ మండించాల్సిన పనేముంది?

అదే చేశాం. 2024 ఫిబ్రవరిలో సోలారు నీళ్ళు వచ్చిన మూడో రోజు కాగు దించాను. పూర్ణా మార్కెట్ వైపు పాత సామాన్ల కొట్టతను రాగి ధర మంచిగా ఉందన్నాడు, అమ్మ ఒప్పుకోలేదు. చింతపండు పెట్టి తోమించి, పెరట్లో రేకుల షెడ్డులో బోర్లించింది. పొయ్యి రాళ్ళు అక్కడే ఉన్నాయి. వాటిలో పెద్దది అమ్మ కూర్చునే రాయి. ఆమె ఇప్పటికీ నాలుగున్నరకే లేస్తోంది. అదే రాతి మీద కాఫీ గ్లాసుతో కూర్చుంటోంది, మంట లేకుండా. ఆ వేళ ఆమెని పిలవద్దని నా భార్యా నేనూ అనుకున్నాం. దగ్గు తగ్గింది. పోలేదు. పోదని డాక్టరు ముందే చెప్పాడు, దెబ్బతిన్న ఊపిరితిత్తి తిరిగి రాదట. పదేళ్ళ కిందట నా భార్య మాట విని ఉంటే ఎంత మిగిలేదో అన్న ఆలోచన నాకు తరచూ వస్తుంది.

తమ్ముడు వచ్చినప్పుడు

తమ్ముడు 2025 సంక్రాంతికి వచ్చాడు. దిగిన రోజే పెరట్లోకి వెళ్ళి ఖాళీ పొయ్యి చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. కాగు తీసెయ్యొద్దని చెప్పాను కదా అన్నాడు. నేను ఏదో చెప్పబోయాను, అమ్మే అందుకుంది. "తియ్యలేదు. షెడ్డులో ఉంది. సరుగుడు కట్టెలు అటక మీదున్నాయి, గొట్టం గూట్లో ఉంది. భోగినాడు నీకు కాగునీళ్ళు కావాలంటే నాలుగున్నరకి లే."

వాడు లేచాడు. నేను కూడా లేచాను. కట్టెలు కాస్త చెమ్మగా ఉన్నాయి. పీచు మూడుసార్లు ఆరిపోయింది. వాడు మోకాళ్ళ మీద వంగి ఊదుతుంటే పొగ వెనక్కి తిరిగి మొహాన కొట్టింది. కళ్ళు ఎర్రబడి, దగ్గుతూ, రెండడుగులు వెనక్కి వేసి, మళ్ళీ వచ్చి ఊదాడు. నీళ్ళు కాగేసరికి గంటా పావు పట్టింది. ఆ గంటా పావులో మా ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు. ఒకసారి మాత్రం, "రోజూనా?" అన్నాడు. అవునన్నాను.

మొదటి బకెట్టు అమ్మకని తోడి పక్కన పెట్టాడు. ఆ వేళ అమ్మ ఆరున్నరదాకా లేవలేదు.